సగం మాత్ర, రెండో పిడికిలి

దగ్గరగా జరిగి కూర్చోండి సహోదరులారా, గోడకు ఆనుకున్న అక్కలు కూడా కొంచెం ముందుకు రండి. నా గొంతు పెద్దది కాదు, నేను చెప్పేది కూడా పెద్ద సంగతేమీ కాదు, మాత్రల సంగతి, బియ్యం సంగతి, ఒక చీర సంగతి. నేను రెండో తరగతి కూడా పూర్తిగా చదవలేదు, కానీ జరిగింది జరిగినట్టు గుర్తుంటుంది, కాబట్టి ఒక మాట కలపకుండా, ఒక మాట దాచకుండా చెబుతాను.

నా పేరు రూతమ్మ. మాది టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఊరు. నా భర్త యాకోబు జామాయిల్ తోటల్లో కర్ర నరికే కూలీకి పోతాడు, నేను మిరప కోతకు, పత్తి తీయడానికి, ఎండాకాలమైతే తునికాకుకు పోతాను. మాతోపాటు మా అత్త లచ్చమ్మ ఉంటుంది. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు, తన పెద్దలు మొక్కిన దేవతలకే మొక్కుతుంది, మేము ప్రార్థనకు కూర్చుంటే చప్పుడు చేయకుండా బయటికి పోయి చెట్టు కింద కూర్చుంటుంది.

పెళ్ళయిన మూడో ఏడు యాకోబుకు మూర్ఛ మొదలైంది. ఖమ్మంలో చూపిస్తే, పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర, ఒక్క పూట కూడా తప్పకూడదు, తప్పితే మళ్ళీ వస్తుంది, నీళ్ళ దగ్గరో నిప్పు దగ్గరో వస్తే ప్రాణానికే ప్రమాదం అని చెప్పారు. ఆ మాత్రలు మెడికల్ షాపులో కొనేవాళ్ళం. సర్కారు దవాఖానాలో అవే మాత్రలు ఊరికే ఇస్తారని నాకు తెలుసు, కానీ నెలకొక రోజు కూలీ మానుకుని లైన్లో నిలబడాలి, మా ఇంట్లో ఏ రోజు బియ్యం ఆ రోజువే, కూలీ లేని రోజు పొయ్యి వెలగదు. అట్లా ఎందుకుండేదంటే అది కూడా నా తప్పే. అప్పట్లో రేషన్‌కు దొడ్డు బియ్యం వచ్చేవి, వాటిని వాకిట్లోకి వచ్చిన బండివాడికి అమ్మేసి, సన్న బియ్యం కిలో కిలో తెచ్చి వండేదాన్ని, మందిరం అక్కలెవరైనా వస్తే కంచంలో తెల్లటి అన్నం కనపడాలని. నూనె కూడా చిన్న ప్యాకెట్టే, తలకు షాంపూ ప్యాకెట్టే, టీ పొడి ప్యాకెట్టే, ఇవాళ తెంపితే రేపటికి ఉండదు. మా అత్త కుంకుడుకాయలు కొట్టి ఇస్తే వాసనని ముక్కు మూసుకునేదాన్ని.

ఇక చీర సంగతి. క్రిస్మస్‌కు మన స్త్రీల సమాజమంతా ఒకే రకం చీరలు కట్టుకుని పాట పాడతాం కదా, ఆ ఏడు చిలకపచ్చ చీర, బంగారు రంగు అంచు అని అనుకున్నారు. చేతిలో రూపాయి మిగలడం లేదు, ఒక్కదాన్ని చీర లేకుండా నిలబడితే ఎట్లా అని దసరా నుంచి అదే దిగులు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది, అది సైతాను ఇచ్చిన ఆలోచన అని ఇప్పుడంటే తేలిక, అప్పుడు మాత్రం నాకు అది భక్తి లాగే తోచింది. మాత్రను కత్తితో సగం చేసి పూటకు సగమే ఇద్దాం, మిగతా సగానికి ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండి ప్రార్థన చేద్దాం, సగం నేనిస్తాను, సగం దేవుడు చూసుకుంటాడు అనుకున్నాను.

మిగిలిన సగాలను కాగితంలో పొట్లం కట్టి పోపు డబ్బా అడుగున పెట్టేదాన్ని, నెలకు కొనాల్సిన మాత్రలు రెండు నెలలకు వచ్చాయి. యాకోబు అమాయకుడు, చేతిలో ఏది పెడితే అది మింగుతాడు. ఒక్కసారి మాత్రం అరచేతిలో చూసుకుని అడిగాడు.

"గింత చిన్నగ అయిందేందే?"

"కంపెనీ మారిందంట."

"కంపెనీ మంచిదే ఉన్నది. మింగుడు అల్కగైంది."

అని నవ్వి మింగాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనపడుతుంది.

క్రిస్మస్ ఇంకా వారం ఉందనగా సమాజం పెద్దక్క దగ్గర డబ్బు కట్టి చీర తెచ్చి పెట్టెలో పెట్టాను. ఆ మరుసటి రోజు మధ్యాహ్నం యాకోబు కర్ర మోపు దింపి చేతులు కడుక్కోవడానికి వాగులోకి దిగాడు, అక్కడే మూర్ఛ వచ్చి బోర్లా పడ్డాడు. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు, కానీ ముఖం నీళ్ళలో ఉన్నవాడికి ఆ లోతు చాలు. తోడు పనికి పోయిన బుచ్చయ్య అనే అన్న చూసి జుట్టు పట్టి లేపి గట్టున వేశాడు, ఆయన బీడీ ముట్టించడానికి వెనక్కి తిరిగి ఉంటే ఈ సాక్ష్యం వేరేగా ఉండేది.

ఆటోలో పెద్ద దవాఖానాకు తీసుకుపోయారు, నేను మిరప తోటలో నుంచి, మా అత్త ఇంటి నుంచి అట్లాగే పరుగెత్తాం. ఒక మూర్ఛ తగ్గకముందే ఇంకొకటి వస్తోంది, తెలివి లేదు. డాక్టరమ్మ వచ్చి అడిగింది.

"మాత్రలు ఏమైనా మానేశాడా అమ్మా?"

"లేదమ్మా, రోజూ రెండు పూటలు ఏస్తున్న."

"సరిగా వేస్తున్నా ఇట్లా వచ్చిందంటే ఈ మందు పని చేయనట్టు. వేరే మందు మార్చాలి."

నిజం చెబితే తల ఎత్తుకోలేను, చెప్పకపోతే నా అబద్ధం మీద ఆయనకు వైద్యం జరుగుతుంది. అప్పుడు మా అత్త ముందుకొచ్చి కొంగు ముడి విప్పింది. పొద్దున పప్పుకు పోపు పెట్టబోతే ఆమెకు ఆ పొట్లం దొరికిందట, నేను పని నుంచి వచ్చాక అడుగుదామని కొంగున కట్టుకుందట.

"మందుది తప్పు లేదు డాక్టరమ్మా. నా కోడలు పొదుపు చేసింది. గివో చూడు సగాలు."

డాక్టరమ్మ వాటిని చూసి నన్ను చూసింది, నర్సుకు ఏదో చెప్పి లోపలికి పోయింది. అత్త మాత్రం ఊరుకోలేదు.

"పొదుపు అంటే సబ్బు సగం చెయ్యాలె గని, మొగని మాత్ర సగం చేస్తరానే? పోపుల ఆవాలు గింత తక్కువేస్తే ఎవడన్న సచ్చిండా? ఇల్లంత పారబోసుకుంట పోయి పానం కాడ పొదుపు చేసినవ్."

నేను వరండాలో స్తంభం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. నా నోట వచ్చిన ప్రార్థన ఇది: "ప్రభువా, నీ పేరు చెప్పి చీర కొనుక్కున్నాను. నేను పడాల్సిన శిక్ష నా భర్త పడుతున్నాడు. ఆయన్ని లేపు, ఎవరి ముందైనా ఈ తప్పు ఒప్పుకుంటాను." అంతకంటే పెద్ద ప్రార్థన నాకు రాలేదు.

మరుసటి రోజు పొద్దెక్కాక యాకోబు కళ్ళు తెరిచాడు. వాళ్ళమ్మను చూశాడు, నన్ను చూశాడు, అడిగిన మొదటి మాట, "నా గొడ్డలి దొరికిందా?" అని. దేవునికే మహిమ. గొడ్డలి బుచ్చయ్య అన్న దాచి ఉంచాడు. నేను ఆయన మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఆయన "కంపెనీ మారలేదన్నట్టు" అన్నాడు, అంతకు మించి ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు.

ఇంటికి వచ్చాక మా అత్త నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది.

"మీ దేవునికని వండేముందు పిడికెడు బియ్యం తీస్తున్నవ్ గదా?"

"అవ్ అత్తమ్మా. ఐతారం మందిరంల ఇస్త."

"ఆ పిడికెడు తీసినందుకు మనకు ఏ పూటన్న కడుపు నిండలేదా?"

"లేదు. ఎన్నడు తెలువలే."

"మరి ఇంకో పిడికెడు తీసినా తెలువది. గది దవాఖాన రోజుకు."

సహోదరులారా, ఎన్నో ఏళ్ళుగా ప్రభువు కోసం పిడికెడు తీస్తూ కూడా నాకు ఆ ఆలోచన రాలేదు, ఆయన దాన్ని బయట చెట్టు కింద కూర్చునే మనిషి నోట పలికించాడు. ఒక డబ్బా ఆయనకు, ఒక డబ్బా దవాఖానా రోజుకు. నెల తిరిగేసరికి రెండో డబ్బాలో మా ముగ్గురికీ రెండు రోజులకు సరిపడా బియ్యం కనపడ్డాయి. ఆ రోజు నేను కూలీ మానుకుని, బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి ఖర్చు లేకుండా పోయి, సర్కారు దవాఖానాలో లైన్లో నిలబడి, నెల మాత్రలు తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

రేషన్ బియ్యం అమ్మడం ఆ నెలతోనే ఆపేశాను. దొడ్డు అన్నం నాలుగు రోజులు గొంతు దిగలేదు, ఆ తర్వాత దిగింది. నూనె ప్యాకెట్ల మీద పోయే డబ్బుతో నెలకొకసారి సీసా తెస్తున్నాం. సబ్బును రెండు ముక్కలు కోసి అటక మీద ఆరబెడితే తొందరగా కరగదని అత్త చూపించింది, కుంకుడుకాయ వాసన ఇప్పుడు నాకు పట్టదు. పప్పు నానబెట్టి వండితే కట్టెలు తక్కువ పడతాయి. సంతలో టమాటాలు చవకగా ఉన్నప్పుడు కోసి, ఉప్పు రాసి, ఎండబెట్టి వానాకాలానికి దాచుకుంటాం. ఆదివారం కట్టుకునే నా తెల్ల చీరకు గంజే పెడతాను, కొన్న పొడి పెట్టను. ఇవన్నీ మా అత్త ముందు నుంచీ చెబుతున్నవే, నేను నామోషీ అనుకుని విననివే.

ఆ క్రిస్మస్‌కు చిలకపచ్చ చీరను మడత విప్పకుండానే సమాజం పెద్దక్కకు తిరిగి ఇచ్చేశాను, ఆమె అది ఇంకొకరికి ఇచ్చి డబ్బు నా చేతిలో పెట్టింది. అంతమంది పచ్చ చీరల మధ్య నేనొక్కదాన్నే గంజి పెట్టిన పాత తెల్ల చీరతో నిలబడ్డాను. పాట అయ్యాక ఒక అక్క నవ్వుతూ "నీకు రంగు పడలేదా రూతమ్మా?" అంది. ఎవరి ముందైనా ఒప్పుకుంటానన్న మాట గుర్తొచ్చింది, అక్కడే అందరి ముందూ అంతా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆ మరుసటి ఏడు నుంచి మన సమాజం ఎవరికి ఉన్న తెల్ల చీర వాళ్ళే కట్టుకుని పాడుతున్నాం, మీకు తెలుసు.

ఆ రోజు నుంచి యాకోబుకు మళ్ళీ మూర్ఛ రాలేదు. మందు వల్లే ఆగింది, దేవుని కృప వల్లే ఆగింది, ఆ రెండింటినీ సగం సగం చేయడం నేను మానుకున్నాను. ప్రార్థన చేస్తున్నాం కదా అని మాత్ర తగ్గించే వాళ్ళు మీలో ఉంటే దయచేసి ఆపండి. దేవుని మీద ఆధారపడండి, ఆయన నమ్మదగినవాడు, కానీ మన చీర కోసం మిగతా సగం ఆయన మీద వేయకండి.

మొన్న ఒక సాయంత్రం నాకు మిరప కోతలో ఆలస్యమైతే అత్తే వంటకు బియ్యం తీస్తోంది. నేను గడపలో అడుగు పెట్టేసరికి ఒక పిడికెడు దవాఖానా డబ్బాలో వేసి, రెండో పిడికెడు పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది.

"ఏం చూస్తున్నవ్ అత్తమ్మా?"

"మీ దేవునిది ఏ డబ్బానే? ఇయ్యాల నువ్వు లేవు, ఆయనకు తప్పొద్దు గదా."

నేను చూపించాను. ఆమె అందులో వేసి మూత పెట్టింది, మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది.

మీ ఇళ్ళలో కూడా వండే ముందు తీసిన పిడికెడు తరిగిపోకుండా ఉండాలి, మాత్ర వేసుకునే వాళ్ళకు పూట తప్పకుండా ఉండాలి, వాగుకు పోయినవాళ్ళు నడిచి ఇంటికి రావాలి, మిమ్మల్ని తిట్టి దారిలో పెట్టే పెద్దవాళ్ళు మీ పొయ్యి దగ్గర చాలాకాలం కూర్చోవాలి. ప్రభువు మీ ఇంటిని అట్లా దీవించును గాక. ఆమేన్.