సదరాసులో రాజీ మాటలు

మా చెన్నపట్నం పల్లకి బోయీల్లో మాసిలామణి అందరికంటే ముందు నడిచే మనిషి. పుదుచ్చేరిలో ఇచ్చిన చెల్లెలు పొన్నాచ్చిని చూసి అతనికి ఏళ్ళు గడిచాయి. మా ఇంగిలీషువాళ్ళకూ పుదుచ్చేరి ఏలే పరాసులకూ, అంటే ఫ్రెంచివాళ్ళకూ, యుద్ధం. ఎవరి సిపాయిల చేతికి చిక్కినా వేగులవాడని చావబాదేవారు.

ఆ పుష్యంలో రెండు పక్షాల దొరలూ రాజీ మాట్లాడుకోవడానికి రెండు ఊళ్ళకూ నడుమనున్న సదరాసు వచ్చారు. అది వలందావాళ్ళ, అంటే డచ్చివాళ్ళ ఊరు; వాళ్ళు ఎవరి పక్షమూ కాదు. మా దొరను మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కోట గుమ్మం ముందు పరాసుల పల్లకి దించుతున్న మనిషిని చూసి మాసిలామణి నిలబడిపోయాడు. అతని పేరు అయ్యావు, పొన్నాచ్చి మొగుడు.

"ఏం బావా, వంగిపోయావు? మీ దొర అంత బరువా?" అని నవ్వాడు అయ్యావు.

"దొర కాదు, ఆయన తినే మాంసం బరువు. చెల్లి ఎలా ఉంది?"

అయ్యావు ముఖంలో నవ్వు పోయింది. "దగ్గు పట్టుకుంది. మనిషి సగమైంది. అన్నను ఒక్కసారి చూపించమని ఒకటే పోరు."

"రాజీ కుదరనీ. ఎండలు ముదరకముందే వచ్చేస్తా."

లోపల మాటలు సాగుతూనే ఉన్నాయి. ఆర్కాటు నవాబు ఎవరన్నదే తగాదా. మీ ఫర్మానా దొంగదంటే మీదే దొంగదని అరుచుకుంటున్నారని నీళ్ళు మోసేవాడు చెప్పాడు.

"నవాబు ఎవడైతే నాకేం, దారి వదిలితే చాలు" అన్నాడు మాసిలామణి.

చివరికి దొరలు ముఖాలు మాడ్చుకుని బయటికొచ్చారు. పల్లకీలు ఎత్తమన్నారు.

అయ్యావు మాసిలామణి చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడే నాతో వచ్చెయ్ బావా. మా వాళ్ళలో కలిసిపోతావు."

"దొరను దారిలో వదిలేస్తే నా పెళ్ళాం పిల్లల్ని బతకనిస్తారా?" అంటూ మాసిలామణి పల్లకి కిందికి భుజం పెట్టాడు. తిరుగు దారంతా పాట ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

ఆ ఏడు చివర్లో తుపాకులు ఆగాయి. మాసిలామణి వెంటనే బయలుదేరి పుదుచ్చేరికి నడిచాడు. పొన్నాచ్చి అంతకుముందు ఆషాఢంలోనే పోయింది. ఆమె కూతురు కుప్పాయి విస్తరి వేసి చేపల పులుసు వడ్డించింది.

"తిను మామా, చల్లారిపోతోంది."

అచ్చం చెల్లెలి గొంతేనట. అన్నంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయానని నాతో చెప్పాడు. కుప్పాయిని మళ్ళీ చూడాలనుకునేవాడు. ఇంతలో యుద్ధం మళ్ళీ మొదలై దారి మూతపడింది.