చీమల తీర్పు

నా చిన్నప్పుడు మా మర్రిపాడు పక్క, రోగానికి ఒంటి మీద కత్తి కోత పడ్డ మనిషి బతుకుతాడో లేదో చీమలు చెప్పేవి. అవి చదువుకున్నవి కావు గనక తడబడేవి కావు.

అది ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువు కాలం. మా నాయనకు కుడి డొక్క కింద, పిత్తం నిండే చేదుకట్టు ఉండే చోట, గడ్డ లేచింది. కళ్లు పసుపుపచ్చనయ్యాయి. ఊళ్లో క్షవరాలు చేసే పెద్దాయనే కోతలు కూడా కోసేవాడు. రెండింటిలోనూ నెత్తురు వచ్చేది. ఆయన గడ్డ కోసి, నల్లటి చేదునీళ్లూ రెండు రాళ్లూ తీసి, మిగిలింది కత్తికి అందదని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు కట్టు విప్పిన గుడ్డను చీమల బారు దగ్గర పెట్టడం ఆచారం. చీమలు ముడితే మనిషి బతుకుతాడు. ముట్టకపోతే ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. గంజి ముంత మాత్రం ఆ మంచం దగ్గరికి రావడం మానేస్తుంది. ఆ ఏడు గంజి బతికేవాళ్లకే చాలేది కాదు.

మా అమ్మ తండ్రి, గొర్రెలు కాచే తాత, ఆ గుడ్డ పట్టుకుని మిట్టమధ్యాహ్నం బయలుదేరాడు. నేను వెంట వెళ్లాను. ఎండిన వాగులో చీమల బారుకు అడ్డంగా గుడ్డ పరిచాడు. ముందున్న చీమ ఆగింది. వెనకవన్నీ ఆగాయి. గడ్డిపోచను కూడా వదలని కరువు చీమలవి. కాసేపు మీసాలు ఆడించి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, అన్నీ ఒక్కసారే వెనక్కి తిరిగాయి. గాలి లేదు.

తాత గుడ్డను ఇసుకలో పూడ్చాడు.

"ఏం చూసినావురా?"

"ఎనక్కి పోయినాయి, తాతా."

"చీమల మాట చీమలది. గంజి మాట మనది. నోరు మూసుకోని రా."

ఇంటికొచ్చి, గంజి కుండ దగ్గర కూర్చున్న మా అమ్మతో, "గుడ్డంతా నల్లగా కమ్మేసినాయి. బతుకుతాడు. గంజి తాపమ్మా" అన్నాడు. ఆయన అబద్ధమాడగా అంతకుముందు నేను వినలేదు. ఆడిన తీరు చూస్తే అలవాటున్నట్టే ఉంది. అమ్మ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ముంత నింపింది.

నాయన వానలు పడేదాకా ఉన్నాడు. చీమలు తప్పు చెప్పలేదు, కాస్త తొందరపడ్డాయంతే. ఆ నెలల్లో ఆయన మంచం మీద నుంచే, తనకు వచ్చిన నాలుగు అక్షరాలూ నాచేత దిద్దించాడు.

అవే నన్ను కాలేజీ దాకా తీసుకుపోయాయి. అందుకే కాబోలు, ఎవరికైనా ఆసుపత్రిలో కోత కోసి ఇంటికి తెస్తే, బతుకుతాడా అని నన్ను అడుగుతారు. తెలియదంటాను. గంజి పోశారా అని అడుగుతాను. కొన్ని ఇళ్లలో ఆ మాటకు ఎవరో ఒకరు లేచి గంజి కుండ దగ్గరికి పోతారు.