మొక్కజొన్న చేను పక్కన పోగైన గంటలు

మా ఊరి ఎయిర్‌పోర్టు అంటే ఒక రన్‌వే, రెండు రేకుల షెడ్లు, నేను కాఫీ కాచే గది. నెబ్రాస్కాలో ఇలాంటివి ఊరికొకటి ఉంటాయి. విమానాలకు పెట్రోలు పోసేదీ నేనే, పైలట్లకు ప్లమ్ జామ్ పెట్టిన కొలాచీ బన్నులు అమ్మేదీ నేనే. వాళ్ళ కబుర్లకు నా చెవుల తుప్పు ఎప్పుడో వదిలిపోయింది. వాటిలో తెగని తగువు ఒకటుంది. పైలట్ ఉద్యోగానికి కావలసిన ఎగిరే గంటలు పోగు చెయ్యాలంటే చిన్న విమానం అద్దెకు తీసుకోవడం మేలా, పాతదేదో కొనుక్కోవడం మేలా? ఎవరు ఎటు వాదించినా నాకు మాత్రం గారెట్ వోండ్రా మొహమే గుర్తొస్తుంది.

గారెట్ ధాన్యం గిడ్డంగిలో పనిచేసేవాడు. పొద్దున్నే పనికి వెళ్ళేముందో, సాయంత్రం ఒళ్ళంతా దుమ్ముతోనో ఇక్కడికి వచ్చేవాడు. పార్సిళ్ళు మోసే విమానం నడపాలన్నది వాడి కోరిక. ఆ కంపెనీ పన్నెండు వందల గంటలు ఎగిరినవాణ్ణే తీసుకుంటుంది. అన్ని గంటలు గాల్లో తిరగడానికి మా లైల్ దగ్గర విమానం అద్దెకు తీసుకునేవాడు. గారెట్‌కే కాదు, ఈ చుట్టుపక్కల సగం మందికి విమానం నడపడం నేర్పింది లైల్ పొస్పిషిలే.

అద్దె విమానంలో ఇంజను తిరిగినంతసేపూ మీటరు తిరుగుతుంది. అందుకని గారెట్ మ్యాపు చూసుకోవడం, రెక్కలు తడిమి చూడటం, రేడియోలో ఏం మాట్లాడాలో అనుకోవడం, అన్నీ ఇంజను ఆపి ఉండగానే కానిచ్చేవాడు. ఒక్క నిమిషం పారబోసేవాడు కాదు. ఆ రోజుల్లో వాణ్ణి చూస్తే నాకు ముచ్చటేసేది.

"ఇవాళ గాలి అడ్డంగా కొడుతోందిరా. ఇంటికెళ్ళి పడుకో" అనేవాడు లైల్.

"పడుకోవడానికా పెద్దాయనా నేనొచ్చింది? డబ్బులు పోసేది నేనే కదా. గాలి లేని రోజు ఎగిరితే నాకేం వస్తుంది?" అనేవాడు గారెట్. ఇద్దరూ వెళ్ళి, నాలుగైదుసార్లు దిగీ లేచీ, చెమటలు కక్కుతూ వచ్చేవాళ్ళు.

రెండేళ్ళు గడిచేసరికి వాడికి లెక్కలు మొదలయ్యాయి. అద్దెకు పోసిన డబ్బంతా గాల్లో కలిసిపోయిందని, సొంతది ఉంటే చివరికి అమ్ముకోవచ్చని నా కాఫీ బల్ల మీద వేలితో గీసి చూపించేవాడు. లెక్క తప్పని నేననను. లైల్ కూడా అనలేదు.

"కొనుక్కోవడం తప్పేం కాదు. కానీ నా విమానం పట్టుకెళ్తే నేనిక్కణ్ణించి చూస్తుంటాను. నీది నువ్వు పట్టుకెళ్తే ఎవడు చూస్తాడు?" అన్నాడు.

"నన్ను నేను చూసుకోలేనా?"

"చూసుకో మరి" అని లైల్ కొలాచీ కొరికాడు.

గారెట్ తన పికప్ ట్రక్కు అమ్మేసి, కాన్సస్‌లో ఎవరి దగ్గరో రెండు సీట్ల పాత విమానం కొన్నాడు. దాన్ని మొదటిసారి ఇక్కడ దింపిన రోజు అందరం వెళ్ళి దాని ముక్కు నిమిరాం. ఆ పూట వాడి కాళ్ళు నేల మీద లేవు.

సొంత విమానం ఎగిరినా ఎగరకపోయినా తింటూనే ఉంటుంది. షెడ్డు అద్దె, బీమా, ఏడాదికోసారి విప్పి చూడాల్సిన తనిఖీ. పెట్రోలు దగ్గర చెయ్యి బిగించక తప్పలేదు. గంటలు మాత్రం కావాలి. అప్పుడు వాడికొక దారి కనిపించింది. ఎగరడానికని విమానం నేల మీద కదిలిన దగ్గర్నుంచి మళ్ళీ వచ్చి ఆగేదాకా గంటల్లో వేసుకోవచ్చని రూలు ఉంది. గారెట్ మెల్లగా రన్‌వే చివరిదాకా పోయి, మొక్కజొన్న చేను పక్కన, పెట్రోలు పెద్దగా తాగకుండా ఇంజను సన్నగా తిప్పుతూ కూర్చునేవాడు. శాండ్‌విచ్ తినేవాడు, పేపరు చదివేవాడు. కూర్చుని కూర్చుని, చివరికి లేచి ఒక్క చుట్టు తిరిగి దిగేవాడు. అదంతా ఎగిరినట్టే రాసుకునేవాడు. నా కిటికీలోంచి చూస్తే చేను మీదుగా తోక ఒక్కటే కనిపించేది.

గాలి ఉన్న రోజు అసలు వచ్చేవాడే కాదు. సొంత విమానం కదా, రెక్క ఎక్కడ గీసుకుపోతుందోనని భయం. ఆకు కదలని పొద్దుల్లోనే వచ్చేవాడు.

మావాళ్ళు ఊరుకుంటారా? "గారెట్, చేనుకి కాపలా కాసినందుకు రైతు ఏమైనా ఇస్తున్నాడా?" అని ఒకడంటే, "వాడు ఎగరట్లేదు, దున్నుతున్నాడు" అని ఇంకొకడు. వాడూ నవ్వేసేవాడు. కానీ నవ్వుతూ నా వైపు చూసేవాడు కాదు.

లైల్ ఒక్కసారే అడిగాడు. "అక్కడ కూర్చుని ఏం చేస్తుంటావురా?"

"ఇంజను వేడెక్కనిస్తున్నా."

"ఆగస్టు ఎండలోనా?" అన్నాడు లైల్. గారెట్ చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

అలా పన్నెండు వందలూ నిండాయి. పార్సిళ్ళ కంపెనీలో పైలట్లను ఎంచే ఆవిడ పేరు రమోనా ట్విస్. మా ఎయిర్‌పోర్టులో నెలకొక శనివారం పాన్‌కేకుల పలహారం పెడతాం. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఎవరి విమానంలో వాళ్ళు వస్తారు. తిన్నాక మడత కుర్చీలు రన్‌వే పక్కన వేసుకుని, దిగే ప్రతివాడికీ మార్కులు వేస్తారు. అదే మాకు తిరణాల. రమోనా ఆ శనివారమే వచ్చింది.

గారెట్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గంటలు రాసుకున్న కాగితాల సంచీతో ఎదురెళ్ళాడు. ఆవిడ సంచీ ముట్టుకోలేదు.

"అవి తర్వాత చూస్తాను. నీ విమానంలో నన్ను ఒక చుట్టు తిప్పుకురా బాబూ. కూర్చుని చూస్తే నాకే తెలుస్తుంది."

అప్పటికి దక్షిణపు గాలి లేచింది. రన్‌వేకి సరిగ్గా అడ్డం. గాలిని చూపే నారింజ రంగు గుడ్డ బిర్రబిగిసి నిలబడింది. గారెట్ దాని వైపు చూశాడు. ఇవాళ వద్దని ఒక్క మాట చెబితే పోయేది. అంతమంది ముందు ఆ మాట వాడి నోట రాలేదు.

పైకి బాగానే వెళ్ళాడు. దిగడానికి వచ్చేసరికి గాలి పక్కకు నెట్టేసింది. నేల అందకముందే మళ్ళీ పైకి లాగాడు. కుర్చీల్లో ఎవరో నవ్వారు. రెండోసారి ఒక చక్రం తగిలి విమానం ఎగిరిపడింది, గడ్డి వైపు మళ్ళింది. మళ్ళీ పైకి లేపాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నా చేతిలో పాన్‌కేకుల గరిటె అలాగే ఉండిపోయింది. లైల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మూడోసారి విమానం రెక్క గాలి వైపు వంచి, ముక్కు తిన్నగా పెట్టుకుని, బరువు దించినట్టు దిగింది. చూడగానే నాకు తెలిసిపోయింది, అది గారెట్ చెయ్యి కాదని, పక్క సీట్లోంచి రమోనా పట్టుకుందని. అక్కడ కూర్చున్న వాళ్ళందరికీ తెలిసింది. మార్కులు ఎవరూ వెయ్యలేదు. వాడు కుర్చీల ముందు నుంచి నడిచి వస్తుంటే, ఇన్నాళ్ళూ ఏడిపించినవాళ్ళంతా పళ్ళేల్లోకి చూసుకున్నారు. ఒక్కడైనా ఏదో ఒకటి అని ఉంటే వాడికి నయంగా ఉండేది. నాకైతే ప్రాణం చివుక్కుమంది.

ఇద్దరూ నా గదిలోకి వచ్చారు. కాఫీ పోశాను. 

"నీ గంటలు సరిపోయాయని విన్నాను" అంది రమోనా. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "అందులో నిజంగా గాల్లో గడిపినవి ఎన్ని?"

గారెట్ సంచీ తెరవబోయి ఆగిపోయాడు. అన్నీ ఒకేలా రాసుకున్నాడు. చేను పక్కన కూర్చున్నవీ, లైల్‌తో చెమటలు కక్కినవీ, ఏది ఏదో ఇప్పుడు వాడే విడదీయలేడు.

"తెలీదండీ" అన్నాడు.

"సుమారుగా చెప్పు."

"నిజంగా తెలీదండీ. సిగ్గుగా ఉంది."

రమోనా కప్పు పక్కన పెట్టింది. "నీకే తెలియనప్పుడు నేనేం చెయ్యను, బాబూ" అని కాఫీకి డబ్బులు పెట్టి, నాకు నమస్కారం చెప్పి వెళ్ళిపోయింది.

గారెట్ సంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "మావిస్ అత్తా, వెనక నుంచి వెళ్ళడానికి దారుందా?"

ఇన్నేళ్ళుగా వస్తున్నవాడికి తెలియదా? నా గదికి ఉన్నది ఒకటే తలుపు, అది రన్‌వే వైపే తెరుచుకుంటుంది.

"లేదు నాన్నా" అన్నాను.

బయట కుర్చీలు మడిచే చప్పుడు ఆగేదాకా వాడు అక్కడే కూర్చున్నాడు.