గంజి పెట్టిన బ్యాలే బూట్లు

మా చిన్నప్పుడు... ఎల్‌బీ నగర్‌లో మేం కిరాయికున్న ఇంటి మెట్ల కమ్మీ పట్టుకుని, పొద్దున్నే మడమలు ఎత్తుతూ దించుతూ ఉండేదాన్ని. పక్కింటివాళ్లు చూసి "పిల్లకేమైంది?" అని మా నాయనమ్మను అడిగేవాళ్లు.

"డ్యాన్సట. కాలేళ్ల కొసల మీద నిలవడ్తదట!" అని ఆమె నుదురు కొట్టుకునేది.

బ్యాలే అన్నమాట. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, ఒక రెండో అంతస్తు హాల్లో మా మిస్ నేర్పేది. మిస్‌ది విజయవాడ వైపు, బ్యాలే నేర్చుకున్నది బెంగళూరులో. ఆ రోడ్డులోనే మా నాన్నకు చీరల దుకాణం. సెలవుల్లో దుకాణంలో కూర్చుని గొడవ చేసేకంటే ఇదే నయమని నన్ను అక్కడ చేర్పించాడు.

మెత్తటి బూట్లతో ఆడినన్నాళ్లు హాయిగానే ఉంది. "నీ చీలమండలు గట్టిపడ్డాయి, ఇక పాయింట్ బూట్లు తెప్పిద్దాం" అని మిస్ అన్న రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. అవి వేసుకుంటే ఒంటి బరువంతా వేళ్ల కొసల మీద! పై క్లాసు అక్క ఒకామె సాక్సు విప్పినప్పుడు చూశాను... బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది. మానేస్తానని చెప్పాలన్నా భయమే.

బొంబాయి నుంచి బూట్లు వచ్చాయి. పైన గులాబి రంగు పట్టు, లోపల ముందుభాగం మాత్రం కర్రలాగా గట్టి. "రిబ్బన్లు కుట్టించుకుని తీసుకురా. ఇంట్లో మాత్రం వేసుకోకు" అంది మిస్.

నాయనమ్మ పోచంపల్లి దగ్గర ఊళ్లో మగ్గం నేసిన మనిషి. రిబ్బన్లు ఎంత ముద్దుగా కుట్టిందో! కానీ మరుసటి క్లాసు జరగలేదు. బంద్. ఆ తర్వాత ఇంకో బంద్... అందరితో పాటు నేనూ కిటికీలోంచి "జై తెలంగాణ" అని అరిచేదాన్ని. లోపల మాత్రం బంద్ ఇంకొన్నాళ్లు ఉంటే బాగుండని దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. పెద్దవాళ్లు రాష్ట్రం కోసం కొట్లాడుతుంటే నా గోరు గొడవ నాది.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ ఒళ్లో తల పెట్టి ఏడ్చేశాను. "కాలు ఇరిగితే ఎట్ల నాయనమ్మా?"

ఆమె ఒక బూటు తీసుకుని ముందుభాగం నొక్కి చూసింది. "ఓసి పిచ్చిదానా, గిది గంజి. కొత్త గుడ్డ గిట్లనే ఉంటది. నేను జూస్కుంటగాని నువ్వు ఏడ్వకు."

నేతవాళ్ల ఇళ్లలో ఇది మామూలే. కొత్త బట్ట ఏదైనా సరే, గంజి పోయేదాకా నానబెట్టకుండా పిల్లల ఒంటి మీద వేయరు... ఒరుసుకుంటుందని. నాయనమ్మ బూట్లను బకెట్లో నానబెట్టింది. పిండి, లోపల పాత గుడ్డలు కుక్కి, నీడకు ఆరేసింది. ఆకారం పోకూడదని మళ్లీ పైపైన పల్చటి గంజి కూడా పెట్టింది.

తాకి చూస్తే ఎంత మెత్తగా ఉన్నాయో! ఆ పూట కడుపునిండా తిన్నాను.

క్లాసు పెట్టిన రోజు కూడా బస్సుల్లేవు. నాయనమ్మా నేనూ నడుచుకుంటూ బయలుదేరాం. కొత్తపేట దాటామో లేదో, ఎదురుగా జనం పరుగెత్తుకొస్తున్నారు... వెనక పోలీసులు. దుకాణాల షట్టర్లు దభాలున పడుతున్నాయి. బాష్పవాయువుకు కళ్లు మంటలు. నేను వెనక్కి పరుగెత్తబోయాను. "ఉరుకకు, నా చెయ్యి వట్టుకో" అని నాయనమ్మ నన్ను గోడవారగా, మామూలుగా కూరగాయలకు పోతున్నట్టే నడిపించింది.

మిస్ హాలు తలుపు సగం మూసి ఉంచింది. "ఈ గొడవల్లో ఎలా వచ్చారు మామ్మగారూ?" అంటూనే మా వెనక గడియ పెట్టేసింది. ఆంధ్రా మనిషి కదా, ఆ రోజుల్లో ఆమె భయం ఆమెది.

బూట్లు తొడుక్కుని రిబ్బన్లు కట్టుకున్నాను. గోడ వెంట ఉన్న కర్ర పట్టుకున్నాను. "నెమ్మదిగా పైకి లే" అంది మిస్.

"లెవ్వు బిడ్డా, భయం లేదు" అంది నాయనమ్మ గర్వంగా. "గంజంత తీసేసిన టీచరమ్మా. దినమంత నీళ్లల్ల నానబెట్టిన."

"ఆగు!" మిస్ అరిచిన అరుపుకు నేను కొయ్యబారిపోయాను. ఆమె కింద కూర్చుని నా బూటు కొసను బొటనవేలితో నొక్కింది. లోపలికి సొట్ట పడింది.

"అది గంజి కాదు మామ్మగారూ. గుడ్డా జిగురూ పొరలు పొరలుగా పెట్టి చేస్తారు. పిల్ల బరువు మోసేది అదే. తడిస్తే పోతుంది."

"నిలవడ్తే?"

"వేళ్లు మడతపడిపోయేవి. చీలమండ కూడా..."

నాయనమ్మ అక్కడే గోడకానుకుని చతికిలబడింది. పోలీసుల మధ్య నుంచి నన్ను నడిపించుకొచ్చిన మనిషి... నా రిబ్బన్ల ముడి విప్పలేకపోతోంది. "నా చేతులతోనే..." అంటోంది. ఆ రోజు ఇంటికి వచ్చాక నా కాలివేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని చూసుకుంది, ఏమీ కాకపోయినా.

మరో జత రావడానికి చాలా రోజులు పట్టింది. వాటిని ఆమె ముట్టుకోనంటే ముట్టుకోనంది. రిబ్బన్లు నేనే వంకరటింకరగా కుట్టుకున్నాను. మిస్ చూసి సరే అంది. మొదటిసారి పైకి లేచిన రోజు నాయనమ్మ హాల్లో గోడకానుకుని కూర్చుంది. నేను అద్దంలోకి చూడలేదు, ఆమె వైపే చూశాను. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

"అయిందా బిడ్డా?"

"అయింది నాయనమ్మా."

"దిగినవా?"

"దిగిన."

అప్పుడు కళ్లు తెరిచింది.

ఇప్పుడు మేం ఆ రోజు నడిచిన దారి మీదుగా మెట్రో పోతోంది. నాయనమ్మ లేదు. నేను స్టేజీ ఎక్కితే చాలు, మావాళ్లందరూ ఫోన్లు పైకెత్తి కన్నార్పకుండా చూస్తారు... నాకేమవుతుందోనని కళ్లు మూసుకునేవాళ్లే ఎవరూ లేరు.

మీకోసం అట్లా భయంతో కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్లు ఎవరు? జర చెప్పండి... వినాలని ఉంది.