ముట్టుకోకూడని బోల్టు

డెబ్భైల చివర్లో మాట. పుంగనూరులో కార్ల షెడ్డు కొత్తగా పెట్టి, నాకు రాని పనే లేదన్న పొగరులో ఉన్నాను. ఒక మధ్యాహ్నం దున్నపోతులాంటి ఎర్ర కారు నేల అదిరేలా వచ్చి ఆగింది. పేరు ఉండాల్సిన చోట పెయింటుతో రాసిన అంకె ఉంది. ఫ్యాక్టరీవాళ్లు పరీక్ష కోసం తయారుచేసిన ఒకే ఒక్క కారట. టై కట్టుకున్న ఇంజనీరు దిగి, "పంక్చర్ వెయ్యి. చక్రం తప్ప ఇంకేదీ ముట్టుకోకు" అని చెప్పి భోజనానికి వెళ్లాడు.

పంక్చర్ వేశాక ఆశ ఆగక ఇంజను స్టార్ట్ చేశాను. అడుగున టకటకమంది. చూస్తే సైలెన్సర్ బోల్టు వదులు. ఇంత చదివి ఇది కనిపెట్టలేదా అని నవ్వుకుని బిగించేశాను.

ఆయన రాగానే, "సార్, కింద టకటకమంటా ఉండె. నేనే బిగిచ్చేసినా, సూడండి" అన్నాను గొప్పగా.

ఆయన ముఖం పాలిపోయింది. "నాశనం చేశావు కదయ్యా! ఆ బోల్టు ఎన్ని కిలోమీటర్లకు ఊడుతుందోనని మద్రాసు నుంచి రాసుకుంటూ వస్తున్నాను!"

"ఊడిపోతాదని తెలిసీ బిగించకుండా యాల తిరగతాండారు సార్?"

"బిగించడం నా పని కాదు. ముందెంత వదులుగా ఉందో అంతే వదులు చెయ్యి."

సాయంత్రం దాకా కారు కింద పడుకుని స్పానర్ తిప్పాను. ఆయన చెవి పెట్టి విని, "ఇది కాదు, ఇంకొంచెం మోగాలి" అంటాడు. చివరికి ఆయనకు నచ్చిన మోత వచ్చాకే కదిలాడు.

ఇప్పటికీ కొత్త కారేదైనా టకటకలాడుతూ నా షెడ్డుకొస్తే యజమాని ఫ్యాక్టరీని తిడతాడు. నేను తిట్టను. ఆ మోతను ఎంత జాగ్రత్తగా కాపాడి పంపిస్తారో నాకు తెలుసు.