నల్లగుర్రం ఆగిన సమాధి

మొరావా నది ఒడ్డున ఆ సెర్బు పల్లెలో ఎవరు పోయినా ఆఖరి స్నానం చేయించేది పెట్కానాయే. ముప్పై ఏళ్లలో సగం ఊరిని ఆమె చేతులే కడిగి పంపాయి. అందుకే ఆ ఊరంటే ఆమెకు గౌరవం లేదు. ఒంటి మీద నూలుపోగు లేకుండా చూసినవాళ్ల గొప్పలు ఎవరి కంటికి మాత్రం ఆనుతాయి?

చలికాలంలో శవం తొందరగా కుళ్లదని ఆమెకు తెలుసు. పొట్ట ఉబ్బుతుంది, నోట్లోంచి నెత్తురు కారుతుంది, చర్మం వెనక్కి లాక్కుపోయి గోళ్లు పెరిగినట్టు కనిపిస్తాయి. దాన్ని చూసి ఊరు వంపీర్ అంటుంది. సమాధిలోంచి లేచొచ్చి బతికున్నవాళ్ల నెత్తురు తాగే శవమట. ఇక దాని గుండెలో ముళ్లకొయ్య దిగ్గొట్టి, తల నరికి, తగలబెడితే గానీ వాళ్లకు నిద్ర పట్టదు. శవమన్నాక అలాగే ఉంటుందని ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఒక్కడి చెవికీ ఎక్కలేదు.

ఆ ఏడు ఊరిపెద్ద రదోసావ్ మందలో గొర్రెలు రోగమొచ్చి చచ్చాయి. పారేయడానికి ప్రాణం ఒప్పక, ఆ పిసినారి తన ఇంటి పండక్కి వాటినే వండించి ఊరికి పెట్టాడు. ఆ ఇంట్లో పనిచేసే పెట్కానా కూతురు రుమెనా అందరికంటే ముందు పోయింది. నెల తిరిగేసరికి మరో నలుగురు పోయారు. ముందు చచ్చింది రుమెనా కాబట్టి మిగతావాళ్లను పీల్చేసింది కూడా రుమెనాయేనని రదోసావ్ తేల్చేశాడు. ఆ తెలివికి ఊరంతా తలూపింది. తిన్న గొర్రె మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

శనివారం పొద్దున పరీక్ష అన్నారు. మచ్చలేని నల్లగుర్రాన్ని సమాధుల మీదుగా నడిపిస్తారు. అది ఎక్కడ అడుగు వెయ్యనంటే అక్కడ తవ్వుతారు. చుట్టుపక్కల నల్లగుర్రం ఉన్నది రదోసావ్‌కే. అతగాడి మేపు ఎలాంటిదో దాని డొక్కలే చెబుతాయి.

భయంతో ఊరంతా శ్మశానం వైపు చూడడం మానేసినా, పెట్కానా ఒక్కతే వారం వారం కూతురికి తేనె కలిపిన ఉడికించిన గోధుమలు, చిటికెడు ఉప్పు పెట్టి వస్తోంది. కడుపు కాలిన గుర్రం ఆ వాసనకు ఆగక ఏం చేస్తుంది? తను పెట్టిన కూడే తన బిడ్డ గుండెలో కొయ్య దింపబోతోందని ఆమెకు తట్టింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

శుక్రవారం సాయంత్రం కూతురి సమాధిని గింజ మిగలకుండా ఊడ్చింది. వాటినీ, కొత్తగా వండుకొచ్చిన గిన్నెడు గోధుమలనూ రదోసావ్ తండ్రి మిలోయె సమాధి మీద, మంచు కింద కలిపేసింది. బతికినన్నాళ్లూ ఆ ముసలివాడు ఎంగిలిచేత్తో కాకిని తోలలేదు.

మర్నాడు గుర్రం రుమెనా మీంచి ఆగకుండా నడిచిపోయింది. గడ్డపారలు పట్టుకొచ్చిన జనం మొహాలు వేలాడేశారు. మిలోయె దగ్గరకు రాగానే అది కాళ్లు పాతేసినట్టు నిలబడి, తల దించి మంచు కెలకసాగింది. రదోసావ్ కళ్లెం లాగాడు, కొరడాతో కొట్టాడు. కదల్లేదు. అది నములుతోందని ఒక్కడికీ తోచలేదు. నెత్తురు వాసన పసిగట్టిందని గుసగుసలాడారు.

“పెద్దయ్యా, మరి తవ్వమంటారా?” అన్నాడు కమ్మరి వుయీత్సా.

రదోసావ్ మొహం పాలిపోయింది. వంగి గుర్రం కాళ్ల దగ్గర చాలాసేపు వెతికాడు.

“ఇదిగో, గిట్ట పైన తెల్లవెంట్రుక. ఇది నల్లగుర్రమే కాదురా. పరీక్ష చెల్లదు, ఇళ్లకు పొండి.”

ఊరు దానికీ తలూపింది. పెట్కానా మాత్రం కదల్లేదు.

“ఇందాక నా బిడ్డ మీంచి నడిచినప్పుడు ఆ వెంట్రుక ఎక్కడికెళ్లింది పెద్దయ్యా? ఇంకోసారి రుమెనా పేరెత్తారంటే, ముందు మీ నాన్నని తవ్వమని నేనే అడుగుతాను.”

అతను గుర్రాన్ని లాక్కుపోయాడు. ఆ తర్వాత ఆ నోట రుమెనా పేరు రాలేదు.

అందరూ వెళ్లాక పెట్కానా ఖాళీ గిన్నెతో కూతురి దగ్గర కూలబడింది. ఇంట్లో గోధుమలు నిండుకున్నాయి.

“ఈ వారానికి పస్తేనే తల్లీ,” అంది. “నీ కూడు తీసుకెళ్లి, నిన్ను చంపినోడి బాబుకి పెట్టాను.”