అముర్రు గుడారం, మా వినాయకుడి పెట్టె

సాయంత్రం దీపం పెట్టబోయి చూస్తే వంటింటి అలమారలో వినాయకుడు లేడు. కుంకుమ భరిణె ఉంది, అగరుబత్తుల డబ్బా ఉంది. ఆయన కూర్చునే చోట మాత్రం దుమ్ము లేకుండా గుండ్రంగా మెరుస్తోంది. చేతిలో అగ్గిపుల్ల వేళ్ళదాకా కాలింది. దొంగలని అనుకోలేదు. సింగపూర్ శివార్లలో, యూ టీ అనే పేటలో, మా ఫ్లాట్ తలుపు వేసినట్టే ఉంది. నాకు తెలియకుండా ఇంట్లోనే ఏదో జరుగుతోందనిపించింది.

పిల్లల గదిలో పెద్దదాని బట్టల బీరువా తెరిచాను. ఖాళీ. మంచం కింద మా పాత పెట్టె నిండుగా ఉంది. యూనిఫాం తప్ప దాని గౌన్లన్నీ అందులోనే. వాటి మధ్య, తెల్ల సాక్సులో, వినాయకుడు.

"ఏవిటే ఇది?"

"ప్యాక్ చేశాను," అంది ఎనిమిదేళ్ళది తలెత్తకుండా. "డాడీ ఫోన్‌లో సిడ్నీ అన్నారు కదా."

"దేవుణ్ణి సాక్సులో పెడతారుటే?"

"వాష్ చేసిందే లా, అమ్మా!" మాట చివర ఆ 'లా' ఇక్కడి స్కూల్లో అంటుకుంది.

నాలుగేళ్ళ చిన్నది అక్కని వెనకేసుకొచ్చింది. "ఏరోప్లేన్‌లో చలి కదా. జిప్పు మొత్తం వెయ్యద్దని నేనే చెప్పాను. ఊపిరాడదు."

నవ్వు రాబోయి ఆగిపోయింది.

"అమోరీయుల దేవుడు కూడా వాళ్ళతోపాటే వెళ్తాడు. నువ్వే చెప్పావు," అంది పెద్దది.

నిజమే. నేను ఎమ్మే చరిత్ర చదివాను. ఇక్కడ నాకు ఉద్యోగం లేదు కనుక ఆ చదువంతా పొద్దున్న మా ఫ్లాట్ల బ్లాకు కింద స్కూలు బస్సు కోసం నిలబడినప్పుడు కథలుగా ఖర్చవుతుంది. ఆ వారం అమోరీయుల వంతు. నాలుగు వేల ఏళ్ళ కిందట సిరియా ఎడారి అంచుల్లో గొర్రెలు కాసుకుంటూ తిరిగినవాళ్ళు. గడ్డి అయిపోతే గుడారం విప్పి ఇంకోచోటికి పోయేవారు. వాళ్ళ దేవుడు అముర్రు, చేతిలో కాపరి కర్ర, పక్కన జింక. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళని పట్నాలవాళ్ళు వెక్కిరించేవారు. అక్కడిదాకా చెప్పేసరికి బస్సు వచ్చింది. మర్నాడు చిన్నదానికి జ్వరం. కథ గుడారం దగ్గరే ఆగిపోయింది.

ఆ రోజుల్లో కంప్యూటర్ తెలిసిన మనిషి దొరికితే చాలన్నట్టుండేది. మా ఆయన కంప్యూటర్ ఉద్యోగం వెంట హైదరాబాదు నుంచి కౌలాలంపూర్, అక్కణ్ణుంచి సింగపూర్. ప్రతిసారీ వినాయకుణ్ణి జాకెట్టు గుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నది నేనే. పెద్దది పక్కనే నిలబడి చూసేది. మొన్న క్లాసులో పిల్ల పుట్టినరోజుకి పిలిస్తే వెళ్ళనంది. బద్ధకమనుకున్నాను. మళ్ళీ వదిలిపోవాల్సిన స్నేహం ఎందుకనుకుందని ఆ పెట్టె ముందు కూర్చున్నాక అర్థమైంది.

ఆయన ఆఫీసు నుంచి రాగానే అడిగాను. "ఏమండీ, సిడ్నీ ఖాయమా?"

"కంపెనీవాళ్ళు అడిగారంతే. ఇలాంటి గిరాకీ మళ్ళీ ఉంటుందో లేదో."

"మీ కూతురు పెట్టె సర్దేసుకుంది."

"నయం, నీకు పని తప్పింది," అని నవ్వారు. సాక్సు చూశాక నవ్వు ఆగింది. టై విప్పకుండానే మంచం అంచున కూర్చున్నారు. "శుక్రవారం లోపు చెప్పాలి. నువ్వేమంటావు?"

ఇంతకుముందెప్పుడూ ఆ మాట అడగలేదు. వెళ్దామన్నా భయమే, ఉందామన్నా భయమే.

మర్నాడు పొద్దున్న బ్లాకు కింద మిగతా కథ చెప్పాను. ఆ గుడారాలవాళ్ళు పట్నాల్లో కూలికి చేరారు, సైన్యంలో జీతానికి చేరారు. తరాలు గడిచాక మారి అనే నగరంలో రాజభవనం, బాబిలోనులో సింహాసనం వాళ్ళవే అయ్యాయి.

"హాకర్ సెంటర్లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టినట్టా?" అంది పెద్దది. "బాబిలోన్ చోప్ చేసేశారా?" ఇక్కడి హాకర్ సెంటర్లలో, అంటే తిండి అంగళ్ళలో, టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు ఆపుకోవడాన్ని చోప్ అంటారు.

"దాదాపు అంతే."

"మరి అముర్రు?"

"ఆయనకీ గుడి కట్టారు. కర్ర మాత్రం వదల్లేదు."

"మరి మనం?"

బస్సు మలుపు తిరుగుతోంది. అబద్ధం చెప్పడానికి సరిపోయేంత సమయం ఉంది. కానీ ఇద్దరి చేతులూ పట్టుకుని ఇలా చెప్పాను:

"వెళ్తామో లేదో ఇంకా నాకూ తెలీదు. తెలిసిన రోజు ముందు మీకే చెప్తాను. అప్పటిదాకా గౌన్లు బీరువాలో ఉండాలి, పుట్టినరోజులకి వెళ్ళాలి. ఎక్కడికెళ్ళినా వినాయకుణ్ణి తెచ్చేది నేను. అది నా పని, మీది కాదు."